సంత నుంచి ఇంటికి: పశువుల తరలింపులో రైతుకు తెలియని నేరం

పశువుల రవాణా నిబంధనలు అనగానే పల్లెల్లో చాలామందికి గోవధ నిషేధ చట్టమే గుర్తుకొస్తుంది కాబట్టి, కబేళాతో ఏ సంబంధమూ లేకుండా దుక్కికో పాడికో పశువును కొని ఇంటికి తెచ్చుకునే రైతు ఆ నిబంధనలు తనకు వర్తించవనే అనుకుంటాడు. అయితే తరలింపును నియంత్రించే నిబంధనల్లో అధిక భాగానికి పశువు ఎందుకు వెళుతోందన్న దానితో పనిలేదు. అది ఏ వాహనంలో, ఎంత చోటులో, ఎవరి ధ్రువపత్రంతో, ఏ రోగభయం ఉన్న ప్రాంతం నుంచి వెళుతోందన్నదే వాటికి ముఖ్యం. అందువల్లనే పశువును ప్రాణంగా చూసుకునే రైతు సైతం సంత దాటి ఇల్లు చేరేలోగా రెండు మూడు ఉల్లంఘనలకు పాల్పడే అవకాశం ఉంది.

ఈ నిబంధనలు ఒకే చట్టంలో లేకపోవడం చిక్కును మరింత పెంచుతుంది. జంతు హింస నివారణకు 1960లో పార్లమెంటు చేసిన చట్టం కింద 1978లో పశు రవాణా నియమాలు, 2001లో పశువులను నడిపించి తీసుకువెళ్లడానికి వేరే నియమాలు వచ్చాయి. కేంద్ర మోటారు వాహన నియమాలకు 2015లో చేసిన సవరణ, పశువులను ఎక్కించే వాహనంలో ఒక్కొక్కదానికి ఎంత చోటు ఉండాలో నిర్దేశించింది. అంటురోగాల నివారణకు 2009లో వచ్చిన చట్టం పశుసంవర్ధక శాఖ పరిధిలోకి వస్తుంది. వీటికి తోడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో చేసిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఉండనే ఉంది. రోడ్డు మీద వాహనాన్ని ఆపే పోలీసుకు ఇవన్నీ ఒకే తనిఖీలో భాగమైనా, రైతుకు వీటన్నిటినీ ఒక్కచోట చెప్పే కార్యాలయం మాత్రం లేదు.

ఏరువాకకు ముందు తెలంగాణలోని పెబ్బేరు వంటి సంతలకు కాడెద్దుల కోసం వెళ్లే రైతు సాధారణంగా చేసే పనిని ఈ నియమాల పక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. జతను బేరమాడి, డబ్బు కట్టి, సంత రశీదు తీసుకుని, కిరాయికి దొరికిన చిన్న ట్రాలీలో రెండింటినీ ఎక్కించి, కింద ఇంత గడ్డి పరిచి, పక్కనే దాణా బస్తాలు వేసుకుని బయలుదేరడం సర్వసాధారణం. ఆవుకైనా గేదెకైనా వాహనంలో కనీసం 2 చదరపు మీటర్లు, అంటే సుమారు 21.5 చదరపు అడుగుల చోటు ఉండాలని మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి; ఎద్దులకూ ఇదే కొలత పడుతుంది. ఊళ్లలో తిరిగే చిన్న ట్రాలీ వెనుక భాగం దాదాపు 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటుంది కాబట్టి మొత్తం వైశాల్యం 35 చదరపు అడుగులే అవుతుంది. జతకు కావలసింది 43. అంటే నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఆ బండిలో ఒక్క ఎద్దునే తీసుకువెళ్లాలి. కాడికి జతగా కొన్నవాటిని రెండు బండ్లలో తేవాలి, లేదా పెద్ద వాహనానికి రెండింతల కిరాయి ఇచ్చుకోవాలి.

చోటు సరిపోయినంత మాత్రాన పని పూర్తి కాదు. పశువుల మధ్య శాశ్వతమైన అడ్డు పలకలు ఉండాలి, వాటితోపాటు వేరే సరుకు వేయకూడదు, అలాంటి వాహనానికి రవాణా శాఖ నుంచి ప్రత్యేక అనుమతి ఉండాలి. లారీ ఎంత పెద్దదైనా ఆరింటికి మించి పశువులను ఎక్కించరాదనీ, కాళ్లు జారకుండా కింద కొబ్బరి పీచు చాపలో చెక్క పలకలో వేయాలనీ, వీలైనంతవరకు వాటి ముఖాలు ఇంజను వైపే ఉండాలనీ, కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు వెంట వెళ్లాలనీ 1978 నియమాలు అంటాయి. ఇవేవీ అర్థం లేని ఆంక్షలు కావు. బండి బ్రేకు వేసినప్పుడు కాలు జారి కింద పడిన ఎద్దును పక్కనున్నది తొక్కితే జరిగే నష్టం ఏమిటో సంతలకు వెళ్లే రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు.

ప్రయాణానికి తగిన స్థితిలో ఉందనీ, అంటురోగాలు లేవనీ అర్హుడైన పశువైద్యుడు ఇచ్చే ధ్రువపత్రం లేని పశువును వాహనదారు ఎక్కించుకోకూడదన్నది మరో ముఖ్యమైన నియమం. సంత రశీదు కొనుగోలుకు సాక్ష్యమే తప్ప ఈ పత్రానికి బదులు కాదు. ఊళ్లో కృత్రిమ గర్భధారణ సేవలందించే గోపాలమిత్ర రాసిచ్చిన కాగితం కూడా చెల్లదు, ఎందుకంటే అతడు పశువైద్య పట్టభద్రుడు కాడు. పశువుల ప్లేగుగా పేరుపడిన రిండర్‌పెస్ట్ వ్యాధికి టీకా వేయించినట్టు కూడా ధ్రువీకరించాలని ఆ నియమాల్లో రాసి ఉండటం ఇక్కడ గమనించదగిన వింత: ఆ వ్యాధి ప్రపంచం నుంచే అంతరించిపోయినట్టు 2011లో ప్రకటించారు. కాలం మారినా పాఠం మారని నియమాన్ని రైతు తెలుసుకోలేదని తప్పుపట్టేవారు ఈ విషయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

బండి గొడవే వద్దని ఎద్దులను నడిపించి తీసుకువెళ్లినా చట్టం పరిధి దాటిపోదు. బయలుదేరిన ఊరి పొలిమేర నుంచి గమ్యం 5 కిలోమీటర్లు, ఆపైన ఉంటే 2001 నాటి నియమాలు వర్తిస్తాయి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తరువాత పశువులను నడిపించకూడదు. ఆవు జాతి పశువులను రోజుకు 8 గంటలకు, 30 కిలోమీటర్లకు మించి నడిపించరాదు. రెండు గంటలకొకసారి నీటికి, నాలుగు గంటలకొకసారి మేతకు ఆపాలి. ఉష్ణోగ్రత 12 నుంచి 30 డిగ్రీల మధ్యనే ఉండాలి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటే పాలమూరులోనూ రాయలసీమలోనూ పగటి వేళ, ఉష్ణోగ్రత షరతులు రెండూ ఒకేసారి నెరవేరే గంటలు చాలా తక్కువ. పశువు మీద జాలితో చల్లబడ్డాక, వెన్నెల్లో నడిపించే రైతు సరిగ్గా ఆ జాలి వల్లనే నియమం తప్పుతున్నాడు. నడక వేగం పెంచడానికి కర్రనో కొరడానో వాడకూడదు. కట్టవలసి వస్తే మెడకు తప్ప ముక్కుకు కట్టరాదు. ముకుతాడు పట్టుకుని ఎద్దును నడిపించడం తరతరాల అలవాటైన చోట, ఇది తప్పని ఎవరికీ తట్టదు.

అంటురోగాల చట్టం మాత్రం వీటన్నిటికంటే గట్టి కారణంతో పుట్టింది. గాలికుంటు వ్యాధి సోకిన పశువు నోట్లో, గిట్టల మధ్య పుండ్లు కనిపించకముందే వైరస్‌ను వెదజల్లగలదు కాబట్టి, చూపుకు ఆరోగ్యంగా ఉన్న పశువే ఊరికి రోగాన్ని మోసుకొస్తుంది. 2001లో ఇంగ్లండులోని హెక్సామ్, లాంగ్‌టౌన్ సంతల ద్వారా చేతులు మారిన గొర్రెలు అలాగే వ్యాధిని దూర ప్రాంతాలకు చేర్చాయి. తరలింపుపై నిషేధం విధించే నాటికే అది అనేక కౌంటీలకు పాకి ఉండటంతో, ఆఖరుకు బ్రిటన్ మొత్తంలో 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చింది. ఒడిశాలో 2019లో మొదటిసారి కనిపించిన లంపీ చర్మవ్యాధి 2022లో గుజరాత్, రాజస్థాన్‌లను ముంచెత్తినప్పుడు మన దేశంలోనూ అనేక రాష్ట్రాలు పశువుల సంతలను మూసివేశాయి. 2009 చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తే, టీకా వేసినట్టు గుర్తూ ధ్రువపత్రమూ లేని పశువు అక్కడి నుంచి కదలకూడదు. ఆ ప్రకటన పక్క మండలం రైతుకు సంతకు బయలుదేరే ముందే చేరుతుందన్న హామీ లేదు.

తెలియక చేశానన్న మాటకు చట్టం పూర్తిగా చెవి మూసుకోలేదు. తగిన శ్రద్ధ, పర్యవేక్షణ చూపని యజమానిని కూడా నేరం చేసినట్టే పరిగణించాలని 1960 చట్టంలోని 11వ సెక్షన్ చెబుతూనే, కేవలం ఆ అశ్రద్ధ కారణంగా దోషిగా తేలినవాడికి జరిమానా కట్టే వీలు ఇవ్వకుండా జైలుశిక్ష వేయరాదని మినహాయింపు ఇచ్చింది. హింసకు తొలిసారి పడే జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. రవాణా నియమాలు మీరితే 100 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

రైతును కుంగదీసేది ఆ జరిమానా కాదు, జప్తు. పట్టుబడిన పశువులను విచారణ ముగిసే వరకు గోశాలకో సంరక్షణ కేంద్రానికో అప్పగించడానికి, వాటి మేత, వైద్యం ఖర్చులను యజమాని నుంచీ వాహనదారు నుంచీ ఉమ్మడిగా రాబట్టడానికి 1960 చట్టం కిందనే 2017లో వచ్చిన నియమాలు వీలు కల్పించాయి. దోషిగా తేలాకే యజమాని హక్కు పోతుందని మూల చట్టంలోని 29వ సెక్షన్ చెబుతుండగా, విచారణ దశలోనే పశువు చేజారడం దానికి విరుద్ధంగా ఉందన్న అభిప్రాయాన్ని 2021 జనవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తం చేసింది. పశువులు కొందరికి జీవనాధారమన్న సంగతిని కూడా గుర్తుచేసింది. తొలకరికి కొన్న ఎద్దులు కోత కాలానికి తిరిగి వస్తే ఆ రైతు నిర్దోషి అయినా సేద్యం దక్కదు. 50 రూపాయల తప్పుకు ఒక పంటకాలం మూల్యంగా చెల్లించవలసి రావడం న్యాయం అనిపించుకోదు.

సంత నిర్వాహకులు వసూలు చేసే రుసుముకు ఇచ్చే రశీదు వెనుకనే ఈ నిబంధనలను నాలుగు వాక్యాల్లో అచ్చువేయించి, సంత రోజున పశువైద్యుణ్ణి అక్కడే కూర్చోబెడితే ఈ కేసుల్లో చాలా భాగం పుట్టనే పుట్టవు. ఆ ఏర్పాటు జరిగేలోగా కొనుగోలుదారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి: చెవికి వేసిన పసుపు ట్యాగుపై ఉన్న 12 అంకెల సంఖ్యను రశీదు మీద రాయించుకోవాలి, దగ్గరలోని పశువైద్యశాలలో ప్రయాణ ధ్రువపత్రం తీసుకోవాలి, తన మండలంలోనూ అమ్మినవారి మండలంలోనూ రోగ సంబంధమైన ఆంక్షలు ఉన్నాయేమో అక్కడే అడగాలి, డబ్బు చెల్లించడానికి ముందే బండి వెనుక భాగాన్ని కొలిపించాలి.