పై అధికారితో తప్పు చెప్పుట

కచేరీలో గుమాస్తా వేసిన కూడిక తప్పినచో మరునాడు దిద్దుకొనవచ్చును. పది దినములు దాచినచో ఆ తప్పే నాలుగు ఖాతాలకు ప్రాకి, గోటితో పోవలసినది గొడ్డలిదాక వచ్చును. ఈ సంగతి నెరుగని ఉద్యోగి లేడు. అయినను దాచువారే హెచ్చు. వారి నిజాయితీని శంకించుటకు ముందు, చెప్పినవారికి ఆ కార్యాలయమున ఎట్టి మర్యాద జరుగుచున్నదో విచారించుట న్యాయమని మేము తలంచుచున్నాము.

తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించు అధికారులలో అసమర్థులే కాదు, ఆరితేరినవారును కలరు. నిజమునకు చిక్కంతయు వీరితోడనే. అసమర్థుని మాటను క్రిందివారు సందేహింతురు. దిట్టయైనవాడు కాదన్నచో తమ కన్నులనే నమ్మక ఊరకుందురు.

1977 మార్చి 27వ తేదీన స్పెయిన్ దేశపు టెనెరిఫే ద్వీపమున జరిగిన విమాన ప్రమాదము చూడుడు. పొరుగు ద్వీపపు విమానాశ్రయమున బాంబు పేలుటచే అనేక విమానములను అచ్చటికి మళ్లించిరి. ఇంతలో పొగమంచు క్రమ్మెను. డచ్చి విమానపు కెప్టెను సామాన్యుడు కాడు. తోటి పైలట్లకు శిక్షణనిచ్చు పెద్ద. ఆయన బయలుదేరబోగా, అనుమతి ఇంకను రాలేదని సహపైలట్ వారించెను. కెప్టెను ఆగెను. కొలది సేపటికి, ఎగురుటకు అనుమతి లేకయే, మరల వేగము హెచ్చించెను. ఈ మారు సహపైలట్ వారింపలేదు. వెనుకనున్న ఫ్లైట్ ఇంజనీరు మాత్రము, అమెరికా విమానమింకను రన్‌వేమీదనే యున్నదేమో యని అడిగెను. లేదని కెప్టెను గట్టిగా పలికెను. ఇంజనీరు మరి మాటాడలేదు. రెండు విమానములు ఢీకొని 583 మంది మరణించిరి. మంచు, ఇరువురు ఒక్కమారు మాటలాడుటచే రేడియోలో పలుకులు చెడుట మొదలగు కారణములు మరికొన్ని కలవు. కాని సరియైన సందేహమొకటి ప్రశ్నగా పుట్టి ప్రశ్నగానే అణగిపోయెను. విమానమాపుడని చెప్పుటకు నోరాడలేదు.

ఇట్టి ప్రమాదముల పిదప 1979లో నాసా సంస్థ ఒక సదస్సు జరిపెను. అటుపై విమాన సిబ్బందికి క్రొత్త శిక్షణ వచ్చినది. క్రిందివాడు సణుగరాదు, కంటబడినదేమో, చేయవలసినదేమో స్పష్టముగా పలికి, జవాబు రాబట్టవలెను. వినుట కెప్టెనుకు విధి. అంతకుముందే, 1976లో, అమెరికాలో మరియొక ఏర్పాటు జరిగెను. తెలియక నియమము తప్పిన పైలట్ పది దినములలోగా నాసాకు నివేదించినచో, పేరు తొలగించి ఆ సమాచారమును వాడుకొందురు. సాధారణముగా శిక్ష తప్పును. నేరములకు, ప్రమాదములకు మాత్రము ఈ రక్షణ లేదు. ఈ విచక్షణ మాకు మిక్కిలి సమంజసముగా తోచినది.

పైవాడే తప్పు భారమును తలకెత్తుకొన్న సందర్భము మన తీరముననే కలదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగసిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతమున కూలెను. పథక నాయకుడు అబ్దుల్ కలాం. విలేఖరుల ఎదుటికి వచ్చి బాధ్యత వహించినది మాత్రము ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధవన్. 1980 జూలై 18న రోహిణి కక్ష్యకు చేరినప్పుడు విలేఖరులతో మాటలాడుమని ఆయన కలామునే పంపెను. కలాం ఈ ముచ్చటను తరువాత పలు సభలలో చెప్పుచుండెడివాడు.

అట్టి అధ్యక్షులు అందరికిని దొరకరు గదా! మొండి అధికారితో నలుగురిలో వాదించినచో ఆయన పట్టుదల రెట్టింపగును. ఒంటరిగానున్న వేళ చూచి, జరిగిన పొరపాటు, దాని వలని నష్టము, దిద్దుబాటునకు పట్టు కాలము, ఈ మూడును ఒక్క కాగితమున చూపుట మేలు. తప్పుడు ఆజ్ఞయే నోటిమాటగా వచ్చినచో? కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో దీనికి ఉపాయము కలదు. ఆజ్ఞలు సాధారణముగా వ్రాతపూర్వకముగా నుండవలెను. నోటితో చెప్పక తప్పనిచో, అధికారి వెంటనే దానిని వ్రాసి ధ్రువపరుపవలెను; అట్లు కోరుట ఉద్యోగి విధియని కూడ అందు కలదు. వ్రాసి ఇప్పింపుడని వినయముగా అడిగినంతనే కొన్ని ఆజ్ఞలు మెత్తబడుట కద్దు.