పిల్లల గదికి రంగు: పై పూత, అడుగు పూత

ధర్మవరం, బత్తలపల్లి, పెనుకొండ ప్రాంతాల పాత మిద్దెల్లో పిల్లలకంటూ విడిగా గది ఉండేది కాదు. నేతపని చేసే కుటుంబాల్లో మగ్గం ఉన్న చోటే పడకా, పిల్లల చదువూ సాగేవి, పండుగకు ముందు సున్నం కొట్టడమే ఆ గోడలకు జరిగే అలంకారం. సిమెంటు ఇళ్లు వచ్చాక పిల్లల గది వేరుపడి, బిడ్డ పుట్టకముందు ఒకసారి, బడిలో చేరాక ఒకసారి, పదో తరగతికి వచ్చేసరికి మరొకసారి రంగు మార్చే అలవాటు మొదలైంది. ఏ వయసుకు ఏ రంగు నప్పుతుందన్న చర్చ దుకాణాల్లో ఎంత జరిగినా దానికి శాస్త్రమిచ్చే బలం తక్కువ; అప్పుడే పుట్టిన శిశువుకు వెలుగునీడల తేడా తెలిసినంతగా రంగుల తేడా తెలియదు, ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవాడికి నీలం అన్నది ఇరవయ్యో శతాబ్దపు వ్యాపారం స్థిరపరచిన వాడుక మాత్రమే. రంగు మార్చిన ప్రతిసారీ అడుగున ఉన్న పాత పూత ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

సున్నంతో ఈ చిక్కు లేదు. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికి గోడకు కొట్టే తడి సున్నమవుతుంది. గోడ మీద ఆరేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి పీల్చుకొని, రసాయనికంగా మళ్లీ సున్నపురాయే అవుతుంది. తడి సున్నానికి క్షారగుణం, అంటే ఆమ్లానికి విరుద్ధమైన ఘాటు, ఎక్కువ కాబట్టి బూజు సులువుగా పట్టదు. అయితే ఆ ఘాటుకే చాలా రంగులు వెలిసిపోతాయి, ఇనుము ఆక్సైడ్లయిన ఎర్రమన్ను, పచ్చమన్ను వంటివి నిలుస్తాయి. హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద పదహారో శతాబ్దపు చిత్రాల్లో ఆ మట్టిరంగులే ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పటి గోడలకు వేసే ఎమల్షన్ అంటే, నీటిలో కలిసి ఉన్న అక్రిలిక్ రేణువులు నీరు ఆవిరయ్యాక ఒకదానికొకటి అతుక్కొని పొరగా ఏర్పడే రంగు. పొడి రాలే సున్నం మీద నేరుగా వేస్తే అది పెచ్చులుగా లేస్తుంది గనుక ముందు గోకి ప్రైమర్ వేస్తారు. ఇది ఖర్చే గాని పెద్ద ప్రమాదం కాదు. ప్రమాదమంతా గోడ కన్నా తలుపులకు, కిటికీ చువ్వలకు, పాత ఊయలకు వేసిన నూనె ఎనామెల్‌లో ఉంది.

మెరిసే పసుపు, నారింజ, ఎరుపు రంగుల కోసం ఎనామెల్‌లో సీసం క్రోమేటును, త్వరగా ఆరడం కోసం సీసపు లవణాలను కలిపేవారు. పిల్లలు ఇష్టపడే రంగులూ ఇవే కావడం దురదృష్టం. ఎండకు ఆ పూత పొడిబారి చేతికంటుకుంటుంది, ఆ చెయ్యి నోట్లోకి పోతుంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటివైద్యుడు 1904లోనే పిల్లల సీసవిషానికి మూలం వరండా కమ్మీల రంగని చెప్పాడు. అక్కడి ఎండకూ అనంతపురం సీమ ఎండకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడి లోపలికి రానిస్తుంది, ఎముకల్లో దాస్తుంది. పెద్దల పేగులు మింగిన సీసంలో సుమారు పదో వంతునే గ్రహిస్తే పసిపిల్లల పేగులు సగం దాకా గ్రహించగలవు, ఇనుము తక్కువైతే అది ఇంకా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి ఈ మాటను తేలికగా తీసుకోరాదు. మెదడు ఎదుగుదలకు హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

అందువల్ల పాత ఎనామెల్ గట్టిగా పట్టి ఉంటే గోకకుండా దాని మీదే కొత్త పూత వేయడం మేలు. పెచ్చులు లేస్తుంటే పొడిగా రుద్దకుండా, మంటతో కాల్చకుండా, తడిపి వాటర్ పేపర్‌తో రుద్దాలి, రాలినదంతా తడిబట్టతో ఎత్తి, నేల తుడిచేదాకా పిల్లలనూ గర్భిణులనూ ఆ గదికి దూరంగా ఉంచాలి. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అయితే అది కొత్తగా తయారయ్యే రంగుకే వర్తిస్తుంది, అంతకు ముందే తలుపులకూ చువ్వలకూ ఎక్కిన రంగును ఇంటివాళ్లే చూసుకోవాలి.