మాల్కం ఎక్స్ హజ్ యాత్ర: జెద్దాలో నిరీక్షణ

ఆఫ్రికన్ అమెరికన్ నాయకుడు మాల్కం ఎక్స్ ఆలోచనలో వచ్చిన మార్పునకు 1964 నాటి హజ్ యాత్రలో చూసిన సోదరభావమే కారణమని సాధారణంగా చెబుతారు. ఆయన ఆత్మకథను గమనిస్తే, ఆ మార్పు మక్కాకు ముందే జెద్దా విమానాశ్రయంలో మొదలైనట్లు తోస్తుంది. అమెరికా పాస్‌పోర్టు చూసిన అధికారులు ఆయనను ముందుకు పోనివ్వలేదు. ఆయన ముస్లిమేనని హజ్ న్యాయస్థానం నిర్ధారించాలి. భాష తెలియని చోట, ఇహ్రామ్ వస్త్రాలతో, యాత్రికుల వసతిలో నిరీక్షించవలసి వచ్చింది. ఏళ్ల తరబడి నేషన్ ఆఫ్ ఇస్లామ్ ప్రబోధకుడిగా ప్రసంగించిన వ్యక్తికి అరబీలో నమాజు రాదు! కూర్చునే భంగిమ అలవాటు లేక చీలమండలు నొప్పిపెట్టాయి. పక్కవారిని చూసి నేర్చుకున్నారు. బోధకుడు విద్యార్థి కావలసి రావడమే ఈ యాత్రలోని అసలు కష్టం. తెల్లజాతి గురించిన తన పూర్వ నిశ్చయాలను సవరించుకున్నానని తర్వాత మక్కా నుండి లేఖ రాశారు. అమెరికాలోని జాతివివక్షపై పోరాటాన్ని మాత్రం విడిచిపెట్టలేదు.