వంద రూపాయలు, పదహారు లక్షల మంది

16 కోట్ల రూపాయలను వందల్లో పోగు చెయ్యాలంటే 16 లక్షల మంది కావాలి. తలా 500 ఇస్తే 3.2 లక్షల మంది చాలు. అయితే విన్నపం చూసిన ప్రతి వందమందిలో ఒక్కరే ఇస్తారనుకుందాం. అప్పుడది 3.2 కోట్ల మంది కంట పడాలి. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభా 3.5 కోట్లు. ఒక్క బిడ్డకు ఒక్క ఇంజెక్షన్ కోసం ఇంచుమించు ఓ రాష్ట్రాన్నంతా అడగాలన్నమాట. పసిబిడ్డ ఫొటో, క్యూఆర్ కోడ్‌తో వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో తిరిగే విన్నపాల వెనక ఉన్న లెక్క ఇది.

ఆ ఇంజెక్షన్ అవసరమయ్యే జబ్బు పేరు స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ, క్లుప్తంగా ఎస్ఎంఏ. ఎస్ఎంఎన్1 అనే జన్యువు లోపించడం వల్ల వెన్నుపాములో కండరాలను నడిపించే నాడీకణాలు చనిపోతాయి. సుమారు 10 వేల జననాలకు ఒకరికి వస్తుంది. తీవ్రమైన టైప్-1 రకంలో వైద్యం అందకపోతే ఎక్కువమంది పిల్లలు రెండేళ్లు దాటరు. నోవార్టిస్ తయారుచేసే జోల్‌జెన్‌స్మా అనే జన్యుచికిత్స ఇంజెక్షన్‌కు 2019 మేలో అమెరికా అనుమతి దొరికింది. ఒక్కసారి ఇస్తే చాలు. అక్కడ పెట్టిన ధర 21.25 లక్షల డాలర్లు. మన రూపాయల్లో అదే 16 కోట్లయింది. రెండేళ్లలోపు పిల్లలకే అక్కడ అనుమతి ఉంది, ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. అందుకే ఈ విన్నపాలన్నీ గడియారంతో పోటీపడుతుంటాయి.

కోట్లు చందాలతో సాధ్యమా అన్న సందేహం 2021లో తీరిపోయింది. హైదరాబాద్‌లో ఓ చిన్నారి కోసం కొన్ని నెలల్లో 62 వేల మందికి పైగా దాతలు 14.84 కోట్లు ఇచ్చారు. తలకు సగటున సుమారు 2,400 రూపాయలు. సినీ, క్రికెట్ ప్రముఖులు ఇచ్చిన పెద్ద మొత్తాలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి మామూలు దాత ఇచ్చింది ఇంకా తక్కువే అయ్యుంటుంది. అదే ఏడాది జులైలో కేరళలో మరో బిడ్డ కోసం 18 కోట్లు కావాలని అడిగితే వారం తిరక్కుండానే సమకూరాయి. ‘ఇక పంపొద్దు’ అని చెప్పేసరికి ఖాతాలో 46.78 కోట్లున్నాయి. ఇచ్చినవాళ్లు 7 లక్షలకు పైమాటే, సగటు 600 పైచిలుకు. మిగిలిన సొమ్ములోంచి అదే జబ్బున్న ఇతర పిల్లలకూ సాయం అందింది. ముఖమైనా చూడని బిడ్డ కోసం అన్ని లక్షల మంది ఒక్క వారంలో ఫోను తీశారంటే, ఈ దేశంలో మంచితనానికి కరువు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మంచితనం ఎప్పుడూ ఉంది. చిన్న మొత్తాన్ని పంపే దారి మాత్రం కొత్తది. మనీయార్డరు రోజుల్లో వంద రూపాయలు పంపడానికి అయిదు రూపాయలు కమీషన్ కట్టి, పోస్టాఫీసులో వరసలో నిలబడాల్సి వచ్చేది. యూపీఐలో వంద పంపితే వందా చేరుతుంది. పది రూపాయలు ఇవ్వడానికి మొహమాటపడాల్సిన పని లేదు. విరాళాల వెబ్‌సైట్ల ద్వారా ఇస్తే మాత్రం ‘టిప్’ అంటూ ముందే నింపి ఉంచిన గడిని ఒకసారి చూసుకోవాలి, దాన్ని తగ్గించుకునే వీలుంటుంది. పన్ను మినహాయింపు నమోదైన ట్రస్టులకిచ్చే విరాళాలకే, నేరుగా ఒక కుటుంబం ఖాతాకు వేసినదానికి రాదు. ఇక ఫార్వర్డ్ సందేశాలకు కాలం చెల్లడమంటూ ఉండదు. చికిత్స అయిపోయిన బిడ్డ ఫొటో ఏళ్ల తర్వాతా తిరుగుతుంటుంది, క్యూఆర్ కోడ్ మార్చి దోచుకునేవాళ్లూ ఉంటారు. పంపేముందు ఆసుపత్రికి ఫోన్ చేసి అడగడం తప్పేమీ కాదు.

నన్ను వేధించేది ఈ మోసాలు కాదు, ఎవరి ఫొటో పాకుతుంది, ఎవరిది పాకదు అన్నది. అమెరికాలో గోఫండ్‌మీలోని 200 వైద్య విన్నపాలను ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 90 శాతం అడిగిన మొత్తాన్ని చేరుకోలేదు. ఇంగ్లిష్‌లో రాయగలిగిన తండ్రికి, విదేశాల్లో క్లాస్‌మేట్లున్న తల్లికి దొరికే దాతలు, ఆదిలాబాద్ తండాలోనో పాడేరు కొండల్లోనో ఉన్న తల్లికి దొరకరు. చాలాసార్లు ఆ బిడ్డకు వచ్చిన జబ్బు పేరే తెలియదు, ఇక ఫొటో దాకా ఎక్కడ?

అందరు బిడ్డల ఫొటోలూ పాకాయనుకున్నా లెక్క కుదరదు. దేశంలో ఏటా సుమారు 2.3 కోట్ల కాన్పులు. పదివేలకొకరు చొప్పున 2,300 మంది పిల్లలు. తలా 16 కోట్లంటే 36,800 కోట్లు. 2025-26లో కేంద్ర ఆరోగ్య శాఖ మొత్తం బడ్జెట్ దాదాపు లక్ష కోట్లు. ఒక్క జబ్బుకు, ఒక్క మందుకు అందులో మూడో వంతుకు పైనే పోతుంది. చందాలతో ఒక ధర కట్టగలం, ఎంతమంది ఇచ్చినా ఆ ధర పైసా తగ్గదు.

ధర తగ్గింది మరో మందు విషయంలో, అదీ కోర్టులో. రిస్డిప్లామ్ రోజూ నోటిద్వారా ఇచ్చే ఎస్ఎంఏ మందు. రోష్ కంపెనీ సీసా ధర సుమారు 6.2 లక్షలు. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా దీని జనరిక్ తయారుచేసింది. పేటెంట్ పేరిట రోష్ అడ్డుకోబోతే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం, అక్టోబరు 9న ద్విసభ్య ధర్మాసనం, 17న సుప్రీంకోర్టు రోష్ వాదనకు మొగ్గలేదు. నాట్కో సీసా గరిష్ఠ ధర 15,900 రూపాయలు. అంటే 97 శాతం తగ్గింది.

20 కిలోలు దాటినవాళ్లకు రోజుకు 5 మిల్లీగ్రాములు. 60 మిల్లీగ్రాముల సీసా 12 రోజులొస్తుంది, ఏడాదికి 31 సీసాలు. పాత ధరలో 1.92 కోట్లు, కొత్త ధరలో 4.93 లక్షలు. చిన్నపిల్లలకు బరువును బట్టి ఇంకా తక్కువ పడుతుంది. ఇది జోల్‌జెన్‌స్మాకు బదులు కాదు, ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు చెప్పాలి. పైగా జీవితాంతం వాడాలి. కానీ అరుదైన వ్యాధుల విధానం కింద కేంద్రం ఒక్కొక్కరికి ఇచ్చే గరిష్ఠ సాయం 50 లక్షలు. పాత ధరలో ఆ సొమ్ము మూడు నెలలు దాటగానే అయిపోయేది, ఇప్పుడు పదేళ్లొస్తుంది.

ఆ సాయం అందని బిడ్డకు ఏడాది మందు కావాలంటే, నెలనెలా వంద రూపాయలు ఇచ్చేవాళ్లు 411 మంది చాలు. యూపీఐలో ఆటోపే పెట్టుకుంటే ఆ వంద తనంతట తనే వెళ్తుంది. ఒక ఊరి బడి పూర్వవిద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అంతమంది ఉండొచ్చు.