లేజర్ బార్ ‘నవ్వితే’ పవర్ వేస్టే! మైక్రాన్ వంకరను ఎలా సరిచేస్తారు?

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీవో లేజర్‌తో డ్రోన్లను కూల్చిన వీడియో మీరు చూసే ఉంటారు. హైదరాబాద్‌లోని చెస్ ల్యాబ్ తయారుచేసిన సిస్టమ్ అది. దాని గురించి ఎక్కువగా వినిపించిన మాట ‘30 కిలోవాట్లు’. కానీ ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్ ఎలాగో, లేజర్‌లో వాట్ అలాగ. అదొక్కటే చూసి లాభం లేదు. ఆ వెలుగంతా ఎంత చిన్న చోట పడుతోంది? అసలు పాయింట్ అదే.

బార్‌లో ఏముంటుంది?

హై పవర్ ఫైబర్ లేజర్లకు లోపల వెలుగు అందించేవి డయోడ్ లేజర్లు. సుమారు 1 సెంటీమీటర్ వెడల్పున్న గాలియం ఆర్సెనైడ్ ముక్క మీద పదుల సంఖ్యలో ఎమిటర్లు వరుసగా ఉంటాయి. దీన్నే బార్ అంటారు. ఒక్కో ఎమిటర్ సుమారు 100 మైక్రాన్ల వెడల్పు ఉన్నా, మందం మాత్రం 1 మైక్రాన్ దరిదాపుల్లోనే. సందు ఎంత సన్నగా ఉంటే వెలుగు అంత విచ్చుకుంటుంది. అందుకే బీమ్ అడ్డంగా 10 డిగ్రీల వరకే పరుచుకున్నా, నిలువుగా 30-40 డిగ్రీలు విచ్చుకుంటుంది. దాన్ని దారిలో పెట్టడానికి ముందు ఒక సన్నని సిలిండర్ లెన్స్ అతికిస్తారు.

‘స్మైల్’ అంటే ఇదీ

దివిసీమలో తాడు పట్టి వరుస నాట్లు వేయడం చూశారా? తాడు మధ్యలో వంగితే వరుసంతా వంకరే. బార్‌కూ అదే జరుగుతుంది. దాన్ని వేడి చేసి రాగి హీట్‌సింక్ మీద సోల్డర్ చేస్తారు. చల్లారేటప్పుడు రాగి, గాలియం ఆర్సెనైడ్ కంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ కుంచించుకుపోతుంది. దాంతో బార్ ఒకటి రెండు మైక్రాన్లు వంగుతుంది. ఎమిటర్ల చుక్కలు నవ్వుతున్న నోరులా కనిపిస్తాయి కాబట్టే ‘స్మైల్’ అనే పేరు.

ఒక్క మైక్రాన్‌కే ఇంత గోలా? లెక్క వేద్దాం. లెన్స్ ఫోకల్ లెంగ్త్ 1 మి.మీ. అనుకుంటే, ఎమిటర్ 1 మైక్రాన్ పక్కకు జరిగినా బీమ్ 1 మిల్లీరేడియన్ తప్పుతుంది. దాన్ని 50 మి.మీ. లెన్స్‌తో ఫైబర్‌లోకి ఫోకస్ చేస్తే చుక్క 50 మైక్రాన్లు పక్కన పడుతుంది. ఇలాంటి ఫైబర్ల కోర్ వ్యాసం తరచూ 105 మైక్రాన్లే. అంటే చుక్క కోర్ అంచుకు వెళ్లిపోయింది! లోపలికి వెళ్లని వెలుగు వేడిగా మారి ఫైబర్‌నే కాల్చేయొచ్చు.

మరి సరిచేసేదెలా?

మొదటి దారి, వంగకుండా చూడటం. బార్‌కూ రాగికీ మధ్య కాపర్-టంగ్‌స్టన్ పలక పెడతారు. వేడికి అది బార్‌తో సమానంగానే సాగి, కుంచించుకుంటుంది.

రెండోది, లేజర్ ఆన్‌లో ఉంచే లెన్స్‌ను మైక్రాన్ కంటే తక్కువ తేడాతో సర్ది, యూవీ జిగురుతో అతికించడం. అయితే తిన్నని లెన్స్ వంకర వరుసను పూర్తిగా సరిచేయలేదు.

మూడోది అసలు మజా. ఒక్కో ఎమిటర్ బీమ్ ఎటు పోతోందో కొలిచి, దానికి తగిన వాలుతో చిన్న గాజు పలక చెక్కుతారు. కళ్లు టెస్ట్ చేసి కళ్లజోడు ఇచ్చినట్టే, ఏ బార్‌కు ఆ బార్ పలకే. చెక్కేదీ మరో లేజరే! స్కాట్లాండ్‌లోని హెరియట్-వాట్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లోనే దీన్ని చేసి చూపించారు. ఒక్క లిమిట్ ఉంది: పలక స్థిరంగా ఉండే తప్పునే దిద్దుతుంది. వేడికి వంపు మారితే అది మారలేదు.

మనకేంటి?

ఇదంతా చివరికి లెన్స్ పనే. లెన్స్ పని బందరుకు కొత్త కాదు. అక్కడి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో బెల్ తీసుకుంది. పామర్రు దగ్గర నిమ్మలూరులో బెల్ కట్టిన నైట్ విజన్ ఫ్యాక్టరీని 2025 అక్టోబర్‌లో ప్రధాని జాతికి అంకితం చేశారు. గుడివాడ, బందరు కుర్రాళ్లు కోడింగ్‌తో పాటు ఆప్టిక్స్‌నూ ఓ ఆప్షన్‌గా చూడొచ్చు.

ఇక కొనేవాళ్లకు ఒక టిప్. లేజర్ ఎన్‌గ్రేవర్ బాక్స్ మీద 20 వాట్లు అని ఉంటే సాధారణంగా లోపల కొన్ని డయోడ్లను కలిపినట్టే. ఆ కలపడం ఎంత బాగా కుదిరిందో వాట్లు చెప్పవు, స్పాట్ సైజ్ చెబుతుంది. ముందు అది చూడండి.