ధ్వనికి ఎన్ని అంకెలు చాలును?

నేడు ఏ ఊరిలోనైనను సెల్‌ఫోను దుకాణమునకు వెళ్లి చూడుడు. కొన్ని ఇయర్‌ఫోన్ల పెట్టెలపై ‘హై-రెస్ ఆడియో’ అను బంగారు రంగు ముద్ర కనబడును. దాని ప్రక్కనే 24 బిట్లు, 96 కిలోహెర్ట్జులు, 192 కిలోహెర్ట్జులు అను అంకెలు. అంకె పెరిగినకొలది వెల పెరుగును. అదే కావలెనని పిల్లవాడు పట్టుబట్టును. మార్కాపురపు పలకల కార్ఖానాలో పనిచేయు తండ్రికి ఆ వెల కొన్ని దినముల కూలి. కావున ఆ అంకెలవలన చెవికి ఏమి లభించుచున్నదో తెలిసికొనుట వట్టి కాలక్షేపము కాదు. దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును.

ముందుగా ఆ అంకెల సంగతి. శబ్దమనగా గాలి పీడనములోని హెచ్చుతగ్గులు. మైక్రోఫోను వానిని విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తును క్షణక్షణము కొలిచి వ్రాసిన అంకెల పట్టికయే డిజిటల్ రికార్డు. గళ్లు గీసిన రాతిపలక నొకదానిని తీసికొని, దానిపై బలపముతో ఒక తరంగమును గీయుడు. అడ్డముగా కాలము, నిలువుగా పీడనము. నిలువుగీతలు సెకనుకు ఎన్ని ఉన్నవో అది నమూనాల రేటు. అడ్డగీతలు ఎన్ని ఉన్నవో బిట్ల సంఖ్య తెలుపును. 16 బిట్లకు 65,536 మెట్లు. 24 బిట్లకు 1,67,77,216 మెట్లు. 1982లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు వెలువరించిన కాంపాక్ట్ డిస్కుకు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు.

గళ్లు దగ్గరైనకొలది రేఖ నునుపుగా వచ్చునని, దూరమైనచో మెట్లుమెట్లుగా ఉండునని చాలమంది తలంతురు. ప్రకటనలలోని బొమ్మలు కూడ అట్లే చూపును. ఇది పొరపాటు. రేఖాగణితమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక వృత్తము పోవును. ఆ వృత్తముపైననే నాలుగవ బిందువు నుంచినంత మాత్రమున వృత్తము మరింత గుండ్రనగునా? ధ్వని విషయము కూడ ఇట్టిదే. తరంగములోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపు కంటె ఎక్కువ నమూనాలు ఉన్నచో, ఆ బిందువుల గుండా పోగల తరంగము ఆ హద్దులో ఒక్కటే. 1928లో నైక్విస్ట్ ఈ భావమునకు పునాది వేసెను. 1949లో షానన్ దీనిని సిద్ధాంతముగా నిరూపించెను. డిస్కు నుండి వెలువడు విద్యుత్తులో మెట్లు ఉండవు. చివరనున్న వడపోత వలయము ఆ ఒక్క తరంగమునే తిరిగి ఇచ్చును.

44,100లో సగము 22,050. చక్కని చెవిగల బాలుడు వినగల పరమావధి సుమారు 20,000 హెర్ట్జులు. వయస్సుతో ఇది తగ్గును. నలుబది దాటిన ఉపాధ్యాయునికి 15,000 వినబడినచో సంతోషింపవలసినదే. 96,000 నమూనాల రికార్డు 48,000 హెర్ట్జుల వరకు నిలుపుకొనగలదు. కాని పైభాగమును వినుటకు నల్లమల గబ్బిలములను ఆహ్వానింపవలెను.

బిట్ల ప్రయోజనము వేరు. ఒక్కొక్క బిట్టు, బిగ్గరయైన శబ్దమునకును రికార్డు స్వంత హోరునకును నడుమ దూరమును సుమారు 6 డెసిబెల్లు పెంచును. 16 బిట్లకు ఇది 96. 24 బిట్లకు 144. ఇంటిలో పాటను 90 డెసిబెల్లు వచ్చునట్లు గట్టిగా పెట్టినను, 16 బిట్ల రికార్డు హోరు సున్నా డెసిబెల్లకు సమీపముననే ఉండును. అర్ధరాత్రి నిశ్శబ్దముగా ఉన్న గదిలోనే 25, 30 డెసిబెల్లు ఉండును. తిరుగుచున్న సీలింగు ఫ్యాను 40కి పైగా పలుకును. నాపరాయి పరచిన నేల, సున్నపు గోడలు ఆ మ్రోతను ఇంకను పెంచును. మే నెలలో గిద్దలూరులో ఫ్యాను ఆపి కూర్చుండి సంగీతము వినగలవారు 17వ బిట్టును గురించి చింతింపవచ్చును! ధ్వనిముద్రణ చేయువారికి మాత్రము 24 బిట్లు నిజముగా అవసరము. గాయకుడు ఎంత గట్టిగా పాడునో ముందుగా తెలియదు గనుక, స్థాయిని తగ్గించి ఉంచుటకు అక్కడ చోటు కావలెను.

ఘంటసాల (1922–1974) కాలపు పాటలను కూడ 24 బిట్లలో ఇచ్చుచున్నామను ప్రకటనలు వచ్చును. ఆనాటి అయస్కాంతపు టేపులో పాటకును హోరునకును ఉన్న దూరము 60, 70 డెసిబెల్లు మాత్రమే. అనగా పండ్రెండు బిట్లు చాలును. తక్కిన బిట్లు టేపు హోరును మిక్కిలి శ్రద్ధతో భద్రపరచును.

ఇక పరీక్ష. ఒకే పాటకు చెందిన సీడీని, హై-రెస్ ప్రతిని కొని పోల్చుట సరికాదు. రెంటిని సిద్ధపరచిన విధానమే వేరుగా ఉండవచ్చును. ఒక్క 24 బిట్ల, 96,000 నమూనాల ఫైలును తీసికొనుడు. ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరులో దానిని 16 బిట్లకు, 44,100కు తగ్గించి దాచుడు. ఆ ప్రతిని తెరచి మరల 24 బిట్లు, 96,000గా దాచుడు. ఒకసారి పోయినది తిరిగి రాదు, కాని పైకి రెండు ఫైళ్లును ఒకే రూపమున ఉండును. కంప్యూటరు ధ్వని అమరికలో కూడ 96,000 ఎంచుకొనవలెను. లేనిచో రెండును ఒకే రేటుకు మారి శ్రమ వృథా యగును. ఇయర్‌ఫోను తీగ గలదై యుండవలెను. సాధారణపు బ్లూటూత్ ఎంత పెద్ద ఫైలునైనను నష్టముతో కుదించియే పంపును. వాల్యూము ముట్టుకొనరాదు. ఒక్క డెసిబెల్ హెచ్చినను, హెచ్చినట్లు తెలియక, ‘ఇది స్పష్టముగా ఉన్నది’ అని అనిపించును.

మొదటి ఫైలు ‘అ’, రెండవది ‘ఆ’. వినువానికి రెండును వినిపించి, పిమ్మట ఒక స్నేహితుడు తెరచాటున నాణెము ఎగురవేసి ఏదో ఒకటి వినిపించును. తాను వినిపించినదానిని పలకపై వ్రాసి బోర్లించును. వినువాడు అది అయో ఆయో చెప్పవలెను. స్నేహితుని ముఖము కనబడరాదు, మాట వినబడరాదు. ఈ పద్ధతిని 1950లో బెల్ ప్రయోగశాలకు చెందిన మన్సన్, గార్డనర్ వివరించిరి.

పదింటిలో ఏడు సరిపోయినంతనే సంబరపడరాదు. ఊరక ఊహించువానికి కూడ పదింట ఎనిమిదిగాని అంతకు మించిగాని సరిపోవు సంభావ్యత 1024కు 56. అనగా సుమారు నూటికి 5.5. పదునారు మారులు వినిపించి పండ్రెండైనను సరిపోవలెనన్నచో, అది నూటికి నాలుగులోపునకు దిగును. గణితము బోధించువారికి ద్విపద విస్తరణము చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇట్టి పరీక్షలు పెద్ద యెత్తున జరిగినవి. 2007లో మేయర్, మోరన్ అను అమెరికనులు హై-రెస్ డిస్కుల ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ ప్రమాణమునకు తగ్గించి ఒకసారి వినిపించిరి. 554 ప్రయత్నములలో 276 సరియైనవి. నాణెము కూడ అంతే చేయును. మామూలు స్థాయిలో తేడా తెలియలేదు. వాల్యూమును మిక్కిలి పెంచినప్పుడు నిశ్శబ్ద భాగములలో హోరు మాత్రము వినబడినది. 2016లో లండనులోని రైస్ 18 పరిశోధనలను కలిపి లెక్కించెను. నూటికి 52.3 సరిపోయినవి. తర్ఫీదు పొందినవారిలో ఇది 60కి చేరువైనది. అందుచే తేడా బొత్తిగా లేదని నేననను. ఉన్నను, తర్ఫీదు లేని చెవికి దొరకనంత స్వల్పమైనదని మాత్రము చెప్పవచ్చును.

ఖర్చు మాత్రము స్వల్పము కాదు. కుదింపక దాచినచో అయిదు నిమిషముల పాటకు సీడీ ప్రమాణములో సుమారు 53 మెగాబైట్లు. 24 బిట్ల, 192 కిలోహెర్ట్జులలో సుమారు 346.

తేడా నిశ్చయముగా వినదలచినవారు పరీక్షను రెండవ కొననుండి మొదలుపెట్టవచ్చును. సీడీ పాటను 128 కిలోబిట్ల, ఆ తరువాత 64 కిలోబిట్ల ఎం.పి.3గా మార్చి ఇదే విధముగా పోల్చుడు. తరగతిలో పలువురు 64ను పట్టుకొందురు. 128 వద్ద సంఖ్య తగ్గును. 320 వద్ద బహు కొద్దిమంది మిగులుదురు. ఎవరి చెవి ఎక్కడ ఆగినదో పలకపై గుర్తించుకొనుచు పోవలెను. ఇందుకు మెల్లని పాటకంటె చెక్కభజన రికార్డు మేలు. చెక్కలకు కట్టిన బిళ్లల గలగల, గజ్జెలు, చప్పట్లు కుదింపునకు లొంగవు. తక్కువ కిలోబిట్లలో అవి నీళ్లలో పలికినట్లు వినబడును.