పారేసే అనాస తొక్కతో పుల్లని పానీయం
తరవాణి కుండ ఎరిగిన ఇంట కష్టమేమీ కాదు - శుభ్రం లోపిస్తే మాత్రం కీడే

జూన్, జూలై నెలలు వచ్చాయంటే పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండల నుంచి అనాస పళ్ళు కావిళ్ళ మీద, ఆటోల మీద సంతలకు దిగుతాయి. జాతాపు, సవర రైతులు కొండవాలుల్లో పండించే ఈ పంటలో అధికభాగం కొద్ది వారాలలోనే చేతికి వస్తుంది. ఒక్కసారిగా వస్తుంది గనుక ధర నిలవదు. సాయంత్రానికి అమ్ముడుపోని పండును తిరిగి కొండెక్కించలేక అయినకాడికి ఇచ్చి పోవడం రైతుకు మామూలే. కొన్నవారు కూడా కండ తిని, తొక్కను, నడుమనుండే గట్టి కాడను పెంట మీద వేస్తారు. పండు బరువులో మూడో వంతుకు పైగా ఈ విధంగా వృథా అవుతున్నది.

ఆ తొక్కతోనే కడుపుకు హితవైన పుల్లని పానీయాన్ని ఇంటిలో తయారు చేసుకోవచ్చునంటే చాలామంది నమ్మకపోవచ్చు. మెక్సికో దేశంలో ఇది తరతరాలుగా ఉన్నదే. అక్కడ దీనిని ‘టెపాచే’ అంటారు. పూర్వం మొక్కజొన్నతో చేసేవారు. ఇప్పుడు అనాస తొక్క, దాల్చినచెక్క, ‘పిలోన్సియో’ అనే ముద్ద చక్కెర కలిపి పులియబెట్టి వీధులలో అమ్ముతారు. ఈ పిలోన్సియో మరేదో కాదు, చెరకు రసం కాచి అచ్చుపోసిన బెల్లమే! బెల్లానికి అనకాపల్లి, అనాసకు సీతంపేట, సింహాచలం చేరువలోనే ఉండగా మనకు లేనిదల్లా ఆ అలవాటు ఒక్కటే. ఆ మాటకు వస్తే అనాస కూడా ఇక్కడ పుట్టినది కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలలో మన దేశానికి చేరింది. పేరు కూడా వారు తెచ్చినదే.

కుండ మనకు కొత్త కాదు

పులిసిన పానీయం అనగానే ముఖం చిట్లించేవారు తమ ఇంటి పెద్దవాళ్ళను ఒకమారు అడిగి చూడాలి. కోస్తా జిల్లాలలో ఒకప్పుడు తరవాణి కుండ లేని ఇల్లు అరుదు. వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు కుండలో పోసి, కాస్త ఉప్పు వేసి, నాలుగు దబ్బాకులో నిమ్మాకులో తుంచి వేసి మూలన పెడితే రెండు మూడు రోజులకు పులిసి తరవాణి అయ్యేది. పై తేట వాడుకుని, అడుగున కొంత మిగిల్చి మళ్ళీ కొత్త గంజి పోసేవారు. అందులో చద్దన్నం కలుపుకుని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని పొలానికి పోయేవారు. కొన్ని ఊళ్ళలో దీనినే కలి అంటారు. చోడి అంబలి సంగతి మన ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు.

ఇంటింటికీ ప్రెషర్ కుక్కరు వచ్చాక గంజి వార్చే పని పోయింది. గంజితోపాటు కుండ కూడా పోయింది. ఉదయపు తరవాణి స్థానంలో టీ గ్లాసు వచ్చి కూర్చున్నది. ఇప్పుడు పట్టణాలలో ‘ప్రోబయాటిక్’ అని ముద్రవేసిన సీసాలు హెచ్చు ధరకు అమ్ముతుంటే, ఇదేదో పైదేశపు వింత అని చూస్తున్నాము.

కుండలో జరిగేది ఏమిటి?

అనాస తొక్క మీద కంటికి కనపడని సూక్ష్మజీవులు లెక్కలేనన్ని ఉంటాయి. తొక్కను బెల్లం నీటిలో వేసినప్పుడు వాటిలో రెండు రకాలు పైచేయి సాధిస్తాయి. మొదటిది పాలను పెరుగు చేసే బాపతు. ఇది చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. పులుపు దానివల్లనే. రెండవది ఈస్ట్. తాటి కల్లును, ఈత కల్లును పొంగించేది ఇదే. ఇది చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును, దానితోపాటు కొద్దిగా ఆల్కహాలును విడుస్తుంది. పానీయంలో సన్నని బుడగలు లేచేది ఈ వాయువు వల్లనే. పాలకు తోడు వేయాలి గాని అనాసకు తోడు అక్కరలేదు. దాని తోడు దాని తొక్క మీదనే ఉన్నది.

పులుపు బాగా ఎక్కితే విరేచనాలు కలిగించే క్రిములలో చాలా రకాలు నిలువలేవు. తరవాణి అన్ని వేళలా కుండలో ఉన్నా చెడకపోవడానికి ఇదే కారణం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆ పులుపు ఎక్కడానికి ఒక పగలు, ఒక రాత్రి అయినా పడుతుంది. ఈలోగా కుండలో పోసినది చెరువు నీరో, గెడ్డ నీరో అయితే అందులోని చెడ్డ క్రిములు కూడా ఆ బెల్లమే తిని పెరుగుతాయి. అనాస దిగేది సరిగ్గా తొలకరిలో. గెడ్డలు ఎర్రగా పారేదీ, కొండ గ్రామాలలో వాంతులు, విరేచనాలు మొదలయ్యేదీ ఆ రోజులలోనే. పులిస్తే నీరు అదే శుభ్రపడుతుందనే నమ్మకం ప్రాణం మీదికి తెస్తుంది. నీటిని కాచి చల్లార్చిన తరువాతనే కుండలో పోయాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పనికిరాదు.

తయారు చేసే పద్ధతి

బాగా పండిన అనాస ఒకటి, బెల్లం 150 గ్రాములు, కాచి చల్లార్చిన నీరు రెండు లీటర్లు, వేలెడు దాల్చినచెక్క, రెండు లవంగాలు ఉంటే చాలు. అల్లం ముక్క ఇష్టమైతే వేసుకోవచ్చు. కుళ్ళు తగిలిన పండు పనికిరాదు. మందు కొట్టిన పండని అనుమానం ఉంటే తొక్క పారవేసి, కండ ముక్కలతోనే చేసుకోవడం మంచిది. పై ఆకుల కుచ్చు తీసివేసి, పండును మంచినీటిలో రెండు మూడు సార్లు కడగాలి. సబ్బు, వేడినీరు వాడితే తొక్క మీది ఈస్ట్ కూడా పోతుంది.

చేతులు, కత్తి, పాత్ర శుభ్రంగా కడుక్కున్నాక తొక్కను, కాడను పెద్ద ముక్కలుగా తరగాలి. కండ పిల్లలకు పెట్టవచ్చు. బెల్లాన్ని కొంచెం నీటిలో కరిగించి వడగట్టాలి. బెల్లంలో ఇసుక, పీచు ఉండడం తెలిసినదే. పింగాణి జాడీగాని, గాజు జాడీగాని, మరిగే నీటితో కడిగి ఎండబెట్టిన మట్టికుండగాని తీసుకోవాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలను పులుపు తినివేస్తుంది, ఆ లోహం పానీయంలోకి దిగుతుంది. ముక్కలు, బెల్లం నీరు, మిగిలిన నీరు, దినుసులు అందులో వేసి, ముక్కలు పైకి తేలకుండా చిన్న పింగాణి పళ్ళెం ఒకటి బరువుగా పెట్టాలి. నీటి పైకి తేలిన ముక్కకే బూజు పడుతుంది. పలుచని నూలుగుడ్డతో మూతి కట్టి ఎండ తగలని చోట ఉంచాలి. ఈగ, చీమ దూరకూడదు.

మెక్సికోలో రెండు మూడు రోజులు ఆగుతారు. మన వేసవిలో ఒక రోజు, వానాకాలంలో ఒకటిన్నర నుంచి రెండు రోజులు సరిపోతుంది. మరుసటి రోజుకు పైన తెల్లని నురుగు కడుతుంది, దానిని శుభ్రమైన గరిటెతో తీసివేయాలి. తీపి తగ్గి, పులుపు తేలి, పండు వాసన బాగా వస్తున్నప్పుడు వడగట్టాలి. ఒక గ్లాసు పానీయానికి ఒక గ్లాసు చల్లని మంచినీరు, చిటికెడు ఉప్పు కలుపుకుంటే మధ్యాహ్నపు ఎండలో హాయిగా ఉంటుంది. ఫ్రిజ్ ఉన్నవారు మూడు, నాలుగు రోజులు ఉంచుకోవచ్చు. లేనివారు ఆ రోజుకు కావలసినంతే చేసుకోవాలి.

నల్లగా, పచ్చగా, నూగులాగా బూజు కనిపించినా, కుళ్ళు వాసన వచ్చినా కుండ మొత్తం పారబోయాలి. బూజు పడిన మేరకు తీసివేసి మిగతాది తాగుదామన్న పొదుపు వద్దు. పోయేది తొక్కే గదా!

వడగట్టిన పానీయాన్ని సీసాలో పోసి బిగించి మూత పెట్టడం మరో పొరపాటు. లోపల వాయువు పుడుతూనే ఉంటుంది. గాజు సీసా పగిలి పెంకులు కంట్లో పడితే వైద్యం మన ఊళ్ళో దొరకదు. మూత వదులుగా ఉంచాలి.

పిల్లలకు, గర్భిణులకు వద్దు

రెండు రోజులు దాటితే ఈ పానీయం కల్లు బాట పడుతుంది. ఉదయం దించిన తీపి కల్లు సాయంత్రానికి ఏమవుతుందో గీత కార్మికులను అడగనక్కరలేదు. తొలి రోజున కూడా ఆల్కహాలు ఎంతో కొంత ఉంటుంది. కాబట్టి పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, మద్యం మానుకున్నవారికి ఇది ఇవ్వరాదు. పిల్లలకు పలుచని మజ్జిగ చాలు. అందులోనూ అదే లాక్టిక్ ఆమ్లం ఉన్నది. మధుమేహం ఉన్నవారూ జాగ్రత్తపడాలి. పై లెక్క ప్రకారం 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 15 గ్రాముల బెల్లం పడుతుంది. అందులో కొంతభాగమే సూక్ష్మజీవులు తింటాయి, మిగిలింది మన రక్తంలోకే. కాన్సర్ చికిత్స పొందుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. ఎన్నడూ తాగనివారు మొదట అర గ్లాసుతో మొదలుపెట్టాలి. కడుపు ఉబ్బరిస్తే మానుకోవడమే మేలు.

ఆహారమే గాని ఔషధం కాదు

పులిసిన పాలు తాగేవారు ఎక్కువకాలం బతుకుతారని ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ 20వ శతాబ్దపు తొలి రోజులలోనే అన్నాడు. ఆయనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చినది మాత్రం అందుకు కాదు, శరీరపు రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. ఈ తేడా మరచి పెరుగుకే నోబెల్ ఇచ్చినట్లు చెప్పేవారు ఉన్నారు. ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో ప్రోబయాటిక్ అంటే ఏమిటో నిర్వచించారు. తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులకే ఆ పేరు చెల్లుతుంది. మన కుండలో ఏ జీవి ఎంత ఉన్నదో లెక్కపెట్టే వీలు లేదు గనుక దానిని పులిసిన పానీయం అనడమే సబబు.

మన సరిహద్దునే ఉన్న ఒడిశా పల్లెలలో జరిగిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పుకోదగినది. నాలుగున్నర వేలకు పైగా పసికందులపై చేసిన ఈ పరిశోధన ఫలితాలు 2017లో ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే సూక్ష్మజీవిని, దానికి ఆహారమయ్యే ఒక రకం చక్కెరను కలిపి వారం రోజులపాటు ఇస్తే రక్తం విషపూరితం కావడం, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి. పులిసిన కూరగాయలలో తరచు కనిపించే జీవి ఇదే. అయితే అక్కడ ఇచ్చినది ప్రయోగశాలలో శుద్ధిచేసి కొలిచిన మందు. ఆ పరిశోధన పేరు చెప్పి ఇంటి కుండలోది పసిపిల్లల నోట పోయడం ఘోరమైన తప్పవుతుంది.

చద్దన్నం, తరవాణిలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందనే ప్రచారం కూడా ఉన్నది. ఇనుము కుండలో పుట్టేది కాదు. పులియడం వల్ల గింజలోని అడ్డు కొంత తొలగి, ఉన్న ఇనుమే ఒంటికి మెరుగ్గా పడుతుంది. అది మాత్రం నిజం, అది చాలు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం అనాస పానీయం జోలికి పోరాదు. అప్పుడు కావలసినది ఓఆర్ఎస్. ఒక లీటరు పొట్లాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో పూర్తిగా కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ ఆరోగ్య కేంద్రానికి పోవాలి. పిల్లలకు జింకు మాత్రలు కూడా ఇస్తారు. విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి.

ఇక వడగట్టగా మిగిలిన తొక్కను పెంటగోతిలో వేస్తే ఎరువవుతుంది. పని ఒత్తిడిలో మరచిపోయి పానీయం తాగరానంత పులిసిపోతే, బూజు లేకుంటే, గుడ్డ కట్టి మరో మూడు నాలుగు వారాలు అలాగే ఉంచవచ్చు. అది వినిగర్ అవుతుంది. ఇత్తడి బిందెలు తోమడానికి చింతపండు అవసరం తప్పుతుంది.